రంగం మేడ ఎవరిది? - మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఉప్పల్ నుంచి ఒకావిడ వాళ్ళ పాతింటి బర్మా టేకు తలుపులకి ఏ నూనె పూస్తే మంచిదని అడిగారు. జవాబు రాస్తూ మాటవరసకి మా పెద్ద మేనత్త రంగం నుంచి వచ్చిన మనిషి అని ఒక్క లైను వేశాను. ఆ ఒక్క లైనుకి ఇన్ని ఉత్తరాలొస్తాయని అస్సలు అనుకోలేదండి. వాట్సాప్‌లో కొన్ని, పోస్టులో కొన్ని, ఒకాయనైతే నారాయణగూడలో ఉన్న మా ఆఫీసుకే వచ్చి కాగితం చేతికిచ్చి వెళ్ళారు. తలుపుల గురించి ఒక్కరూ అడగలేదు, అందరూ బర్మా గురించే. అందుకే ఈ నెల మొత్తం బర్మాకే ఇచ్చేస్తున్నా, ముఖ్యంగా స్వాతంత్ర్యం వచ్చిన 1948 నుంచి ప్రభుత్వం మొదటిసారి సైన్యం చేతికి వెళ్ళిన 1958 దాకా, ఆ పదేళ్ళు. ఇప్పుడు మయన్మార్ అంటున్నారు గానీ ఇది ఆ రోజుల సంగతి కాబట్టి బర్మా అనే రాస్తా.

ప్రశ్న: మాది శ్రీకాకుళం వైపు పల్లె. ఊళ్ళో ఒక పాత మేడని అందరూ "రంగం మేడ" అనేవాళ్ళు. నాన్నమ్మ "మీ ముత్తాత రంగంలో పోయాడు" అనేది, చిన్నప్పుడు నేను యుద్ధరంగం అనుకున్నా. అది రంగూనేనా? అంతమంది అక్కడికి ఎందుకెళ్ళారు? - ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: రంగూనేనమ్మా, ఇప్పుడు యాంగోన్ అంటున్నారు. మా ఇంట్లో పెద్దవాళ్ళు రంగూన్ అనగా నేనెప్పుడూ వినలేదు, "రంగం పోయాడు", "రంగం సొమ్ము", అంతే. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, గోపాల్‌పూర్, ఈ రేవుల్లో ఎక్కడో ఒకచోట స్టీమర్ ఎక్కితే బంగాళాఖాతం దాటి రంగూన్‌లో దిగడమే. పాస్‌పోర్టు గొడవ లేదు, ఎందుకంటే 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో ఒక ప్రావిన్సే, మద్రాసు వెళ్ళినట్టే రంగం వెళ్ళేవాళ్ళు. మేస్త్రీ ఊళ్ళోకొచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు, ఆ డబ్బుతో ఇంటి మీది అప్పు తీర్చేసి మనిషి ఓడ ఎక్కేవాడు, అక్కడ దిగిన దగ్గర్నుంచీ కూలిలో మేస్త్రీ తన వాటా పట్టుకుంటూనే ఉండేవాడు. రేవులో బస్తాలు మొయ్యడం, బియ్యం మిల్లులు, రిక్షా లాగడం, వీధులు ఊడ్చే పని, చమురు బావులు, వీటిల్లో మన తెలుగువాళ్ళు వేలల్లో ఉండేవాళ్ళు. గోదావరి పక్కన కోరంగి రేవుంది కదా, ఆ పేరు మీదే అక్కడ మనవాళ్ళని కొరంగీలు అనేవాళ్ళు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు 10 లక్షలు దాటారు, రంగూన్ ఊళ్ళో అయితే సగానికి పైన మనవాళ్ళే.

అయితే ఊరికొక మేడ కనిపిస్తుంది గానీ ఆ మేడ వెనక అప్పు తీరక అక్కడే పోయినవాళ్ళు ఎంతమందో, వాళ్ళకి ఊళ్ళో గుర్తుగా ఏమీ లేదు. మీ ముత్తాత సంగతి అదే అయి ఉండొచ్చు.

ఇంకొకటి. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి, ఆ తర్వాత కొన్ని నెలల్లో లక్షల మంది భారతీయులు అరకాన్ దారిలోనో, అస్సాం కొండల దారిలోనో కాళ్ళీడ్చుకుంటూ ఇటు వచ్చారు. దారిలో మలేరియా, విరేచనాలు, ఆకలి. మా తాత కూడా అలా నడిచినవాడే, మేనత్త అప్పటికి ఆరేళ్ళ పిల్ల, ఆమెని భుజం మీద ఎక్కించుకుని నడిచాడట. అన్ని బాధలు పడి వచ్చిన మనిషి యుద్ధం అయిపోయాక ఏం చేశాడనుకున్నారు, 1946లో పెళ్ళాం బిడ్డల్ని తీసుకుని మళ్ళీ ఓడెక్కాడు. ఎందుకంటే పని అక్కడ ఉంది. 1948 తర్వాత మనవాళ్ళు ఎందుకు లేరు అని ఇంకో ముగ్గురు అడిగారు, నిజానికి చాలామంది ఉన్నారండి, ఆ సంగతి కింద వేరే ఉత్తరంలో చెప్తా.

ప్రశ్న: మనకి అర్ధరాత్రి స్వాతంత్ర్యం వచ్చినట్టు వాళ్ళకి తెల్లవారుజామున వచ్చిందంటారు, నిజమా? - సైదాబాద్ నుంచి

జవాబు: నిజమే. 1948 జనవరి 4, తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషాలు. జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తం అది. మనకి గృహప్రవేశాలు ఆ వేళప్పుడు చెయ్యడం అలవాటే కాబట్టి వింతగా ఏమీ అనిపించదు. చివరి బ్రిటిష్ గవర్నర్ హ్యూబర్ట్ రాన్స్ అదే రోజు వెళ్ళిపోయారు. బర్మా కామన్వెల్త్‌లో కూడా ఉండం అని పూర్తిగా బయటికొచ్చేసింది, మనం అలా రాలేదు.

కానీ ఆ తెల్లవారుజామున ఉండాల్సిన మనిషి లేడు. ఆంగ్ సాన్. అంతకు ఆరు నెలల ముందే, 1947 జులై 19న, రంగూన్ సెక్రటేరియట్‌లో మంత్రుల మీటింగ్ జరుగుతుంటే రాజకీయ ప్రత్యర్థి ఊ సా పంపిన మనుషులు తుపాకులతో లోపలికొచ్చి కాల్చేశారు. ఆంగ్ సాన్‌కి 32 ఏళ్ళు. ఆయనతో పాటు ఇంకో ఆరుగురు మంత్రులు పోయారు. ఒక దేశం ఇంకా పుట్టకముందే దాని మొదటి క్యాబినెట్‌ని ఒక్క ఉదయం పోగొట్టుకుంది. ఆ పదేళ్ళ గురించి ఏం మాట్లాడినా ఇక్కడినుంచే మొదలుపెట్టాలి.

ఆయన చోట్లోకి వచ్చినాయన ఊ నూ. ఈ "ఊ" పేరులో భాగం కాదు, మనం "గారు" అంటామే, అలాంటిది. ఐక్యరాజ్యసమితికి సెక్రటరీ జనరల్ అయిన ఊ థాంట్ కూడా అంతే, థాంట్ గారు అన్నమాట, ఆయన ఊ నూకి స్నేహితుడు, ప్రధాని ఆఫీసులో సెక్రటరీగా పనిచేసిన మనిషి.

ప్రశ్న: మేడమ్, మా తాత సాయుధ పోరాటంల ఉండె. "అదే టైముల బర్మాల కూడ కమ్యూనిస్టులు అడవి పట్టిన్రు, ఆడ సర్కారు పడిపోయేటట్టు ఉండె" అని చెప్పేటోడు. నిజంగ అట్లయిందా? - నల్లగొండ సొంతూరు, ప్రస్తుతం ఎల్బీనగర్

జవాబు: మీ తాతగారు చెప్పింది అక్షరాలా నిజం బాబూ. మన దగ్గర 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా పోలీస్ యాక్షన్ జరిగి నిజాం రాజ్యం ఇండియాలో కలిసింది, పల్లెల్లో పోరాటం మాత్రం 1951 దాకా సాగింది. బర్మాలో తాన్ తున్ నాయకత్వంలోని కమ్యూనిస్టులు 1948 మార్చి ఆఖర్లోనే అజ్ఞాతంలోకి వెళ్ళిపోయారు, అంటే స్వాతంత్ర్యం వచ్చి నిండా మూడు నెలలు కాలేదు. వెనకాలే సైన్యంలో కొన్ని పటాలాలు తిరగబడ్డాయి. తర్వాత కరెన్లు. వీళ్ళు బర్మాలో పెద్ద జాతి, బ్రిటిష్ సైన్యంలో ఎక్కువ మంది ఉండేవాళ్ళు, మా రాష్ట్రం మాకు కావాలని అడిగారు, ఆ సరిహద్దు ఎక్కడ గియ్యాలో తేలలేదు.

1949 జనవరి 31 నాటికి కరెన్లు ఇన్సేన్ పట్టుకున్నారు. ఇన్సేన్ అంటే రంగూన్‌కి ఎంత దూరమో తెలుసా, మన చార్మినార్ నుంచి బోయిన్‌పల్లి అనుకోండి, అంతే. దేశ సైన్యాధిపతి స్మిత్ డన్ స్వయంగా కరెన్ మనిషి, ఆయన్ని తప్పించి ఆ చోట్లో నె విన్‌ని పెట్టారు, ఈ పేరు గుర్తుపెట్టుకోండి. ఆ ఫిబ్రవరిలోనే జీతాలు కోశారని గవర్నమెంటు ఉద్యోగులు సమ్మెకి దిగారు. మార్చిలో మాండలే చేజారింది. మా మేనత్తకి అప్పటికి పదమూడేళ్ళు, రాత్రుళ్ళు ఇన్సేన్ వైపు నుంచి ఫిరంగి మోత వినపడుతుంటే వాళ్ళమ్మ బియ్యం డబ్బా మంచం కిందకి తోసి దాని మీద గోనెసంచులు కప్పేదట, ఇల్లు పోయినా బియ్యం పోకూడదని. ఆ మోత 112 రోజులు సాగింది. నెహ్రూ ఆయుధాలు పంపించారు, అవి అప్పుడు అందకపోతే ఊ నూ ప్రభుత్వం నిలబడేది కాదని నా అభిప్రాయం కూడా.

నిలబడింది. ఈ మాట నేను గట్టిగా చెప్తా, ఎందుకంటే అందరూ బర్మాని ఫెయిలైన దేశం అని ఒక్క ముక్కలో కొట్టేస్తారు. రాజధాని గుమ్మం దాకా యుద్ధం వచ్చిన ప్రభుత్వం, రెండేళ్ళు కాస్త దాటగానే 1951లో ఎన్నికలు మొదలుపెట్టింది, దేశమంతా ఒకేసారి పెట్టే పరిస్థితి లేక విడతలు విడతలుగా పెట్టింది, కానీ పెట్టింది. తేడా ఎక్కడొచ్చిందంటే, మన దగ్గర పోరాటం ఆపేశాక అదే మనుషులు 1952 ఎన్నికల్లో నిలబడ్డారు, నల్లగొండలో రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లొచ్చాయి. అడవిలోంచి అసెంబ్లీకి ఒక దారి దొరికింది. బర్మాలో ఆ దారి దొరకలేదు, ఆ కమ్యూనిస్టు పార్టీ 1989లో చీలిపోయేదాకా అడవిలోనే ఉండిపోయింది, కరెన్ల యుద్ధమైతే ఇప్పటికీ ఉంది.

ప్రశ్న: గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. ప్యిడావ్తా ప్లాన్ అంటే ఏంటి? సక్సెసా ఫెయిల్యూరా? షార్ట్‌గా చెప్పండి ప్లీజ్. - అశోక్‌నగర్

జవాబు: ఆ మాటకి సుఖంగా ఉండే దేశం అని అర్థం. 1952 ఆగస్టులో రంగూన్‌లో పెద్ద సభ పెట్టి ఊ నూ ప్రకటించారు, ప్రతి కుటుంబానికీ ఇల్లు, వైద్యం, చదువు, ఊళ్ళకి రోడ్లు, బావులు, కరెంటు. డబ్బు ఎక్కడిది అంటే బియ్యం. యుద్ధానికి ముందు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసింది బర్మానే, ఏడాదికి సుమారు 30 లక్షల టన్నులు, యుద్ధంలో అది పడిపోయింది, ఎంత కష్టపడ్డా మళ్ళీ ఆ లెక్క రాలేదు. కానీ కొరియా యుద్ధం పుణ్యమా అని 1950 తర్వాత ధర బాగా పెరిగింది. ప్రభుత్వ బోర్డు రైతు దగ్గర తక్కువ రేటుకి కొని బయట ఎక్కువకి అమ్మి ఆ మిగులుతో పథకాలు నడపాలనుకుంది. 1953 తర్వాత ధర పడిపోయింది. ప్లాన్‌కి నడుం విరిగింది.

షార్ట్‌గా అన్నారు గానీ ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. బియ్యం అమ్ముడుపోక నిల్వలు పేరుకుపోతే రష్యా, తూర్పు యూరప్ దేశాలతో వస్తుమార్పిడి ఒప్పందాలు చేసుకున్నారు, మా బియ్యం మీకు, మీ సరుకు మాకు. దానికింద అవసరానికి మించి సిమెంటు వచ్చి పడింది, రంగూన్ రేవులో పెట్టడానికి గోడౌన్ లేదు, 1956 వానాకాలం వచ్చేసింది, బస్తాలు బస్తాలుగా తడిసి గట్టిపడిపోయింది. మా తాత అప్పుడు ఆ రేవులోనే పనిచేసేవాడు. సిమెంటు బస్తా తడిస్తే ఎలా ఉంటుందో ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్ళకీ తెలుసు, గుడ్డ చిరిగిపోయి లోపల దిండు ఆకారంలో రాయి మిగులుతుంది. ఆ రాళ్ళని కూలీలు గునపాలతో పగలగొట్టి పక్కకి దొర్లించేవాళ్ళట. రైతు నోటి దగ్గర బియ్యం తీసుకెళ్ళి తెచ్చిన సరుకు అది. మీ ఎగ్జామ్‌లో ఇది రాయక్కర్లేదు, 1952, బియ్యం ధర, బోర్డు, ఈ మూడూ రాయండి. జపాన్ నష్టపరిహారం కింద 1954లో 20 కోట్ల డాలర్లకి ఒప్పుకుంది, అదీ కలపండి.

సక్సెసా ఫెయిల్యూరా అంటే, లెక్క ప్రకారం ఫెయిల్. కానీ ఊరూరా జనాన్ని కూర్చోబెట్టి మీకేం కావాలో చెప్పండి అని అడిగిన పథకం అది, అలా అడిగించుకోవడం ఆ జనానికి అదే మొదటిసారి.

ప్రశ్న: బాబాసాహెబ్ అంబేద్కర్ బౌద్ధం తీసుకునే ముందు రంగూన్ వెళ్ళారని విన్నాను. అక్కడ ఏం జరుగుతుండేది? - ఒక టీచర్, రాంనగర్

జవాబు: వెళ్ళారండి, 1954 డిసెంబర్‌లో, ప్రపంచ బౌద్ధుల మూడో సమావేశానికి. సరిగ్గా ఆ రోజుల్లోనే రంగూన్‌లో ఆరవ బౌద్ధ సంగీతి, అంటే భిక్షువుల మహాసభ, నడుస్తోంది. 1954 మే 17న మొదలై 1956 మే 24న, బుద్ధుడి నిర్యాణానికి 2500 ఏళ్ళు నిండిన వైశాఖ పౌర్ణమికి ముగిసింది. మన రాజగృహలో మొదటి సంగీతి ఒక గుహలో జరిగిందని చెప్తారు కదా, దానికి గుర్తుగా కబా ఏ పగోడా పక్కన మనుషులే ఒక పెద్ద గుహ కట్టారు. బర్మా, సింహళం, థాయ్‌లాండ్, కంబోడియా, లావోస్ భిక్షువులు కూర్చుని త్రిపిటకం మొత్తం అక్షరం అక్షరం సరిచూశారు.

ఊ నూ ఇది చాలా భక్తిగా చేయించారు, ఆ భక్తి నిజమైనదే. కానీ ఆ దేశంలో క్రైస్తవ కచిన్లు, చిన్‌లు ఉన్నారు, కరెన్లలో చాలామంది క్రైస్తవులు, ముస్లింలు ఉన్నారు, హిందువులు ఉన్నారు. ప్రధానమంత్రి దేశాన్నీ ధర్మాన్నీ ఒకటే అన్నట్టు నడుస్తుంటే వాళ్ళకి గుండెలో ఏదో కలుక్కుమంది. 1961లో బౌద్ధాన్ని రాజ్య మతం చేశారు, ఆ ఏడాదే కచిన్లు కూడా తుపాకీ పట్టారు.

ప్రశ్న: ఎన్నికలు జరుగుతుండగా, ప్రధాని మంచివాడై ఉండగా, 1958లో ప్రభుత్వాన్ని సైన్యానికి ఎందుకిచ్చేశారు? లాక్కున్నారా ఇచ్చారా? - రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, వనస్థలిపురం

జవాబు: మంచి ప్రశ్న సార్, జవాబు ఏంటంటే రెండూ. అధికారంలో ఉన్నది ఏఎఫ్‌పీఎఫ్‌ఎల్ అనే కూటమి, ఆంగ్ సాన్ నాయకుడిగా జపాన్ వాళ్ళ మీద పోరాటం కోసం పుట్టింది, సోషలిస్టులు, రైతు సంఘాలు, కార్మిక సంఘాలు, అందరూ దాంట్లోనే. యుద్ధం ఉన్నంతసేపు కలిసున్నారు. 1956 ఎన్నికల్లో మళ్ళీ గెలిచారు గానీ ప్రతిపక్షం దాదాపు మూడో వంతు ఓట్లు పట్టుకుపోయింది. అది చూసి ఊ నూ, పార్టీ కుళ్ళిపోయింది దీన్ని శుభ్రం చేస్తా అని ప్రధాని పదవి బా స్వేకి ఇచ్చి పక్కకి జరిగారు, 1957లో తిరిగొచ్చారు. శుభ్రం చేయడం కాదు కదా 1958కల్లా పార్టీ రెండు ముక్కలైంది. ఊ నూ వైపువాళ్ళు మాది "క్లీన్" అన్నారు, బా స్వే, చా న్యేన్ వైపువాళ్ళు మాది "స్టేబుల్" అన్నారు. సిద్ధాంతం తేడా ఏమీ లేదు సార్, ఎవరి మనుషులకి ఏ శాఖ, ఏ జిల్లా ఎవరి చేతిలో, ఇదే గొడవ.

1958 జూన్‌లో పార్లమెంటులో అవిశ్వాసం పెట్టారు. ఊ నూ 8 ఓట్ల తేడాతో బయటపడ్డారు, అది కూడా వామపక్ష ప్రతిపక్షం చెయ్యేస్తే. ఇక్కడ సైన్యానికి అనుమానం వచ్చింది, వీళ్ళు కమ్యూనిస్టుల్ని వెనక దారిలో తెస్తారేమోనని. ఊళ్ళల్లో రెండు వర్గాలకీ సొంత సాయుధ దళాలున్నాయి. సెప్టెంబర్ చివర్లో ఊ నూ రేడియోలో మాట్లాడి నె విన్‌ని ప్రభుత్వం నడపమని అడుగుతున్నా అని చెప్పారు, అక్టోబర్ 28న పార్లమెంటు ఓటేసి నె విన్‌ని ప్రధానిని చేసింది. కాగితం మీద అంతా రాజ్యాంగం ప్రకారమే. ఆరు నెలలు అన్నారు, ఏడాదిన్నర అయింది. 1960లో ఎన్నికలు పెట్టి, ఊ నూ భారీగా గెలిస్తే, నె విన్ బుద్ధిగా తిరిగి అప్పజెప్పేశారు కూడా.

అదే ప్రమాదమైంది. రోడ్లు ఊడ్చారు, ధరలు తగ్గించారు, ఆఫీసులు టైముకి తెరిచారు, జనానికి హాయి అనిపించింది, సైన్యానికి మాత్రం ఈ పని మనమే బాగా చేస్తున్నాం అన్న ఆలోచన తలకెక్కింది. పైగా 1947 రాజ్యాంగంలో షాన్, కరెన్నీ రాష్ట్రాలకి పదేళ్ళ తర్వాత కావాలంటే విడిపోయే హక్కు రాసిచ్చారు, ఆ పదేళ్ళు నిండింది 1958లోనే. షాన్ నాయకులు మాకు నిజమైన ఫెడరల్ వ్యవస్థ ఇవ్వండి అని అడుగుతూ రంగూన్‌లో చర్చలకి కూర్చున్న రోజుల్లోనే, 1962 మార్చి 2 తెల్లవారుజామున, నె విన్ ఈసారి ఎవర్నీ అడక్కుండా తీసుకున్నారు. దేశానికి మొదటి రాష్ట్రపతి అయిన షాన్ రాజవంశీకుడు సావ్ ష్వే థైక్‌ని అరెస్టు చేశారు, ఆ రాత్రి ఆయన టీనేజ్ కొడుకుని ఇంటి దగ్గరే కాల్చి చంపారు, ఆయన అదే ఏడాది జైల్లో పోయారు. నాకు ఆ పదేళ్ళలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే సార్, సైన్యానికి మొదటిసారి తలుపు తీసింది బయటివాళ్ళు కాదు, ఇంట్లో అన్నదమ్ముల్లా ఉన్నవాళ్ళు కొట్టుకుని తీశారు.

ప్రశ్న: మేడమ్ కోపం తెచ్చుకోకండి. బర్మావాళ్ళు తమ దేశంలో తమకే ఉద్యోగాలు, భూములు కావాలనుకోవడంలో తప్పేముంది? 1952లో మనం ఈ హైదరాబాద్‌లోనే ముల్కీ కోసం కొట్లాడలేదా? - ఒక పాఠకుడు, అఫ్జల్‌గంజ్

జవాబు: కోపమెందుకండి, చాలామంది మనసులో ఉన్నమాట మీరు పైకి అన్నారు. బర్మా రైతు బాధ అబద్ధం కాదు. 1930ల మాంద్యంలో వడ్ల ధర కుప్పకూలి అప్పులు తీర్చలేక భూములు పోయాయి, ఆ దశాబ్దం చివరికి దిగువ బర్మా వరి భూముల్లో సుమారు నాలుగో వంతు చెట్టియార్ల, అంటే తమిళ దేశం నుంచి వెళ్ళిన వడ్డీ వ్యాపారుల, చేతికొచ్చింది. తన పొలంలో తనే కౌలుదారైన మనిషికి కడుపు మండదా. 1948లో భూముల జాతీయకరణ చట్టం తెచ్చారంటే దానికి కారణం ఉంది. అలాగే 1930 మేలో రంగూన్ రేవులో మన తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే కంపెనీలు బర్మా కూలీల్ని తెచ్చి పెట్టుకున్నాయి, సమ్మె తేలగానే వాళ్ళని పొమ్మన్నారు, ఆ కోపం మనవాళ్ళ మీద విరుచుకుపడింది, రేవు దగ్గర ఊచకోత జరిగింది. ఇద్దరు పేదవాళ్ళని కొట్టించి మూడోవాడు లాభం చూసుకున్న కథ అది.

ముల్కీ సంగతికొద్దాం. 1952 సెప్టెంబర్‌లో సిటీ కాలేజీ దగ్గర కాల్పుల్లో పిల్లలు చనిపోయారు, ఆ కాలేజీ ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది. వాళ్ళడిగింది మా ఉద్యోగాలు మాకివ్వమని. బయటినుంచి వచ్చినవాడు ఈ దేశం మనిషి కాదు అని వాళ్ళు అనలేదు. బర్మాలో ప్రశ్న అక్కడిదాకా పోయింది, తేడా అదే.

రాజ్యాంగంలో దారి పెట్టారు, నిజమే. అంతకుముందు పదేళ్ళలో ఎనిమిదేళ్ళు బర్మాలో ఉన్నవాడు, అక్కడే ఉండిపోతానని అప్లికేషన్ పెట్టుకుంటే పౌరసత్వం. మా తాత పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని మేనత్తని చాలాసార్లు అడిగా. చదువు రాదు, ఫారం ఎవరో నింపాలి, దానికి డబ్బులడిగారు, అది ఒకటి. అసలు కారణం వేరే, చచ్చేలోపు ఊరెళ్ళిపోతా కదా, ఇక్కడి కాగితం నాకెందుకు అనుకున్నాడట, ఊరెళ్ళడం ఏటికేడు వాయిదా పడింది, ఫారం గడువు మాత్రం ఒక్కసారే అయిపోయింది. అలా ముప్పై ఏళ్ళు ఆ రేవులో బస్తాలు మోసిన మనిషి విదేశీయుడిగా రిజిస్టర్ అయ్యాడు. ఆ రిజిస్ట్రేషన్ పుస్తకం ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. అరచేయంత ఉంటుంది, అట్ట మూలలు చివికిపోయాయి, లోపల ఫోటోలో తాత కెమెరాకి భయపడ్డట్టు కళ్ళు పెద్దవి చేసి చూస్తున్నాడు, సంతకం చోట బొటనవేలి ముద్ర, ఆ తర్వాత పేజీల నిండా ముద్రలే ముద్రలు. ఒక పేజీలో ముద్ర మీద పసుపు మరక ఉంది, వంటింట్లో దాచేవాళ్ళట.

మేనత్త అక్కడే పెరిగింది, బర్మా భాష తెలుగులాగే మాట్లాడేది, ముసలితనంలో కూడా హైదరాబాద్ ఎండకి గుండ్రటి రాయి మీద తనఖా చెక్క అరగదీసి బుగ్గలకి రాసుకునేది, తాకట్టు తనఖా కాదండి, అక్కడి ఆడవాళ్ళు గంధంలా రాసుకునే చెట్టు బెరడు. అలాంటి మనిషిని కూడా వీధిలో "కలా" అనేవాళ్ళు, భారతీయుల్ని వాళ్ళు పిలిచే మాట అది. 1964 మార్చిలో రంగూన్ దుకాణాలన్నీ ప్రభుత్వం తీసేసుకుంది, అందులో మా మామయ్య చిన్న కిరాణా కొట్టు కూడా పోయింది. ఆ తర్వాత లక్షల మంది ఓడలెక్కారు, విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అని ఇప్పటికీ పిలుస్తారు చూడండి, ఆ పేరు అలా వచ్చిందే.

ఇంకొక్క విషయం. ఆంగ్ సాన్‌తో పాటు సెక్రటేరియట్‌లో ప్రాణం పోగొట్టుకున్న మంత్రుల్లో అబ్దుల్ రజాక్ అని ఒకాయన ఉన్నారు. తండ్రి భారతీయ ముస్లిం, తల్లి బర్మా బౌద్ధురాలు. ఏటా జులై 19న ఆ దేశం దండం పెట్టే అమరవీరుల్లో ఆయన కూడా ఉన్నారు. అంటే దేశం ఎవరిది అన్నదానికి ఒక జవాబు మొదటి రోజే వాళ్ళ దగ్గర ఉంది, దాన్ని పట్టుకోలేదు. షాన్, కరెన్, కచిన్, కొరంగీ, ఎవరి సంగతి తీసుకున్నా ఆ పదేళ్ళలో తేలకుండా మిగిలిపోయింది ఇదే అని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: అమ్మమ్మ ట్రంకు పెట్టెలో బర్మా వంద నోట్లు నాలుగు దొరికాయి, ఆంగ్ సాన్ బొమ్మ ఉంది. మారతాయా? - సికింద్రాబాద్ నుంచి

జవాబు: మారవమ్మా. 1952 దాకా అక్కడా రూపాయే నడిచింది, ఆ ఏడాది రూపాయికి ఒకటి లెక్కన చాట్ వచ్చింది, క్యాట్ అని రాస్తారు గానీ పలకడం చాట్ అనే. 1964 మే 17న 50, 100 చాట్ నోట్లు చెల్లవని ప్రకటించేశారు, మీ దగ్గరున్నవి అవే అయి ఉండాలి. దాచుకున్నవాళ్ళలో పెద్ద వ్యాపారులు ఉన్నారు, గోనెసంచిలో పొదుపు పెట్టుకున్న కూలీలూ ఉన్నారు, మనవాళ్ళకి మాత్రం బ్యాంకు అలవాటు తక్కువ. లామినేషన్ చేయించకండి, పాత కాగితం పాడవుతుంది, పల్చటి తెల్ల కాగితంలో మడిచి పొడిచోట పెట్టండి. నోటు వెనక పెన్సిల్‌తో ఏవైనా అంకెలు, పేర్లు రాసున్నాయేమో చూడండి, మా మేనత్త దాచిన నోటు మీద తెలుగులో "చిట్టి పెళ్ళికి" అని ఉంది, చిట్టి అంటే మా మేనత్తే.